వేలికొనంత వెన్న

గొర్రె కడుపు చూసి ఏ రోజు ఈనుతుందో చెప్పడంలో ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో సోమమ్మను మించినవాళ్లు లేరు. "ఎల్లుండి పొద్దుగూకక ముందే" అని ఆమె అన్నదంటే ఎల్లుండి పొద్దుగూకక ముందే ఈనవలసిందే. సోమమ్మ మాట కాదనే ధైర్యం గొర్రెకు కూడా లేదని ఆమె పెనిమిటి గుర్వయ్య నవ్వేవాడు.

అట్లాంటి సోమమ్మకు సొంత బిడ్డ దగ్గర లెక్క తప్పింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన యాదలక్ష్మికి ఏడో నెల నిండి పది రోజులు కూడా కాలేదు. పల్లికాయ ఒలుస్తూ కూర్చున్న పిల్ల కూర్చున్నట్టే నడుము పట్టుకుని "అమ్మా" అన్నది. మంత్రసానిని పిలవడానికి పోయినవాళ్లు తిరిగి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టి, చేటలో పడుకుని, తనను చూడవచ్చినవాళ్ల మీద చిన్నగా చిరాకు పడుతున్నది.

ఆ పిల్ల తల గుర్వయ్య అరచేతిలో పెడితే కాళ్లు మోచెయ్యి దాటలేదు. ఒంటిమీద చిటికెడు కండ లేదు. తోలు ఉల్లిపొరలాగా ఉంది. సోమమ్మ చేతులు కడుక్కుని దేవుడి గూటి ముందు నిలబడింది.

"నేనంటే ముసల్దాన్ని, లెక్క తప్పిన. నువ్వు గూడ తప్పినవా బీరప్పా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. బీరప్పతో ఆమెకు కోపతాపాలు లేవు. తెలియనిది అడగడం మాత్రం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు.

రెండు రోజులు గడిచాయి. మూడోనాటి పొద్దున పిల్ల పాలు తాగడం మానేసింది. ఏడుపు సన్నగిల్లింది. బొడ్డు చుట్టూ ఎర్రబడ్డది. కాళ్లు చల్లగా, కడుపు ఉబ్బి ఉంది. సోమమ్మ ఇంకెవరినీ అడగలేదు. పిల్లను రొమ్ముకు ఆనించుకుని పైన గొంగడి కప్పి, బాలింతను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

అది అరవై ఏడో సంవత్సరం. జడ్చర్ల దాటి రెండు మైళ్లు పోతే రోడ్డు పక్కన ఎర్ర పెంకుల దవాఖాన ఒకటి ఉండేది. ఆరు మంచాలు, ఒక డాక్టరమ్మ, నర్సింగమ్మ అనే ఒక ఆయా. ముగ్గురు మనుషుల పని ఆ ఇద్దరే చేసేవాళ్లు, అందులో రెండు వాటాలు తనవేనని నర్సింగమ్మ చెప్పుకునేది.

డాక్టరమ్మ పేరు మంజులత. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. జడ బిగించి కట్టుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చింది. పిల్లను బల్లమీద పడుకోబెట్టి, ఎడమచేతి నడిమి వేలు పిల్ల కడుపుమీద ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో టక్, టక్ అని కొట్టి, చెవి పక్కకు వంచి విన్నది.

సోమమ్మ కండ్లు పెద్దవైనాయి. గొర్రెకు కడుపు ఉబ్బితే గుర్వయ్య కూడా సరిగ్గా ఇట్లాగే డొక్కమీద వేలితో కొట్టి వింటాడు. డప్పులాగా మోగితే గాలి ఉన్నట్టు, మెత్తగా మోగితే బాగున్నట్టు.

"నువ్వు గూడ మా గొర్లుగాసే కుర్మోళ్ల బిడ్డవా, డాక్టరమ్మా?"

"కాదవ్వా. మా నాయిన ఆలేరు టేషన్ల సిగ్నల్ దీపాలు ముట్టిచ్చేటోడు. ఎందుకు?"

"ఏం లేదు. మంచిగ కొడుతున్నవు" అన్నది సోమమ్మ. ఆ క్షణం నుంచి డాక్టరమ్మ మీద ఆమెకు సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం కుదిరేలోపే డాక్టరమ్మ దాన్ని చెడగొట్టింది.

"బొడ్డుకెళ్లి ఒంట్లకు విషం ఎక్కింది. సూదులు ఏస్తున్న. పేగులు కూడ అలసిపోయినయి, వాటికి సెలవియ్యాలె. నేను చెప్పేదాక నోట్లె చుక్క పడొద్దు. పాలు గాదు, నీళ్లు గాదు, తేనె గాదు."

"ఎన్ని గంటలు?"

"నాలుగు రోజులు. ఐదు గావొచ్చు."

సోమమ్మ నవ్వింది. డాక్టరమ్మ వేళాకోళమాడుతున్నదనుకున్నది. ఆమె నవ్వడం లేదని చూసి నవ్వు మింగేసింది. "నాలుగు రోజులా! సగం పొద్దు పాలు తాగని గొర్రెపిల్లనే నిలవదు గద బిడ్డా!"

"గందుకే గీ సీసా" అన్నది డాక్టరమ్మ.

పిల్ల తలకు గుండు గీసి, కణత దగ్గరి సన్నటి నరంలో సూది పెట్టారు. పైన వేలాడదీసిన సీసాలోంచి చుక్క చుక్కగా నీళ్లు దిగుతున్నాయి. ఉత్త చక్కెర నీళ్లే. పిల్లను చెక్కపెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె మూతకు వేడి కోసం ఒక కరెంటు బుగ్గ దీపం. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది కాబట్టి ఆ దీపం వెచ్చదనం మీద ఎవరికీ భరోసా లేదు. సోమమ్మ తన భుజం మీది గొంగడి తీసి ఇచ్చింది.

"గిది కప్పుండ్రి. మాఘంల గూడ సలి రానియ్యది."

"పెట్టెలకు పోయేది ఏదైనా మరగబెట్టాలె. నర్సింగమ్మా!" అని ఒక్క కేక వేసి డాక్టరమ్మ వేరే మంచం దగ్గరికి పోయింది.

నర్సింగమ్మ కట్టెల పొయ్యి మీది పెద్ద డేగిసాలో గొంగడి వేసి, బట్టలు ఉడికించినట్టు గంటసేపు ఉడికించింది. ఉన్నిని ఉడికిస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలిసిన సోమమ్మ అప్పుడు పిల్ల పక్కన ఉంది. గుర్వయ్య లగ్గానికి మామ పెట్టిన గొంగడి అది, ఇద్దరు పండుకుని కప్పుకునేంత. ఎండలో ఆరేసేసరికి దిండు గలీబంత అయింది, అట్టలాగా మందంగా.

"అయ్యో, గొంగడి ఏమాయె?" అన్నది సోమమ్మ.

"సగం నీళ్లల్ల కరిగిపోయినట్టుంది" అన్నది నర్సింగమ్మ, తప్పంతా పొయ్యిదే అన్నట్టు.

తీరా చూస్తే అది పెట్టెలో కొలిచి చేసినట్టు సరిపోయింది. కరెంటు పోయినా పిల్ల కాళ్లు చల్లబడలేదు. ఇది బీరప్ప పనా, నర్సింగమ్మ తెలివితక్కువా అని సోమమ్మ కాసేపు ఆలోచించి, రెండూ కలిసే ఉంటాయని సర్దుకున్నది.

మరునాడు పొద్దున సీసా మారుస్తున్న డాక్టరమ్మను ఆమె అడిగేసింది.

"నీళ్లు నరంల పోతున్నయి గద. పాలు పోవా?"

పక్కన నేల తుడుస్తున్న నర్సింగమ్మ నవ్వాపుకోలేక బకెట్టు తన్నేసుకుంది. "గొర్రెల డాక్టరమ్మ వచ్చిందమ్మా మనకు! రేపు నరంల సంకటి గూడ పొయ్యమంటది!"

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. సీసా పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచి సోమమ్మను చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"పాలు పోవవ్వా, పోతే పాణం పోతది. కానీ పాలలెక్కనే తెల్లగుండే మందు ఒకటి ఉంది. చలిదేశంల ఒక డాక్టరు చేసిండట. నేను పుస్తకంల చదివిన. నూనె, నీళ్లు కలిపి చేస్తరు. నరంలకు ఎక్కిస్తే మనిషికి తిన్నట్టే బలమొస్తది."

"ఏం నూనె?"

"ముందు పత్తిగింజల నూనెతోని చేసిండ్రు. అది ఒంటికి పడలేదు, బంద్ చేసిండ్రు. ఇప్పుడు సోయా అని ఒక తీరు చిక్కుడు గింజల నూనెతోని చేస్తున్నరు. నూనె, నీళ్లు విడిపోకుంట గుడ్డు పచ్చసొనల ఉండే జిగట కలుపుతరు."

సోమమ్మ వేళ్లు ముడిచి లెక్క చూసుకున్నది. "చిక్కుడుగింజలు మనకున్నయి. ఇంట్ల ఆరు కోళ్లున్నయి. ఇగ లేనిదేంది?"

"సన్నగ చేసేది లేదు" అన్నది డాక్టరమ్మ. "నెత్తుర్ల పోవాల్నంటే నూనె బొట్టు కంటికి ఆనకూడదు. పొగకన్న సన్నగుండాలె. జర పెద్దగైతే పోయి ఊపిరితిత్తులల్ల అడ్డం పడ్తది. అంత సన్నగ చేసే మిషిన్ మనకాడ లేదు. హైదరాబాద్ల మా సారుకు మునుపే ఉత్తరం రాసిన. ఆయనకాడ గూడ లేదట. ఉన్నా, గిట్ల విషమెక్కిన పసిపిల్లలకు కొవ్వు ఎక్కియ్యొచ్చునా వద్దా అని చదువుకున్నోళ్లల్లనే ఇంక తేలలేదు. కొందరు బలమంటరు, కొందరు బరువంటరు."

సోమమ్మ ఆ తెల్లటి మందును ఊహించుకోవడానికి ప్రయత్నించింది. పెండ్లైన మరునాటి నుంచి ఈనాటి వరకు ఆమె పొద్దున్నే చేసే మొదటి పని చల్ల చిలకడం. పాలలో దాగిన వెన్నను బయటికి రప్పించడమే ఆమెకు తెలిసిన విద్య. అక్కడెక్కడో ఒకాయన వెన్న ఎన్నటికీ బయటికి రాకుండా చిలుకుతున్నాడట. అట్లా చిలికే కవ్వం ఎట్లుంటుందో!

డాక్టరమ్మ చెప్పిందంతా సోమమ్మ శ్రద్ధగానే విన్నది. కానీ మనసులో మిగిలింది ఒక్కటే. పిల్లకు కొవ్వు కావాలి, అది దవాఖానలో లేదు.

ఆ మధ్యాహ్నమే గుర్వయ్య వచ్చాడు. బాలింత కోసం మోదుగాకుల్లో చుట్టి పొద్దున తీసిన వెన్న తెచ్చాడు. వస్తూనే "నా గొంగడి ఏది?" అన్నాడు.

"గా పెట్టెల ఉంది."

"గంత గొంగడి గింత పెట్టెల ఎట్ల పట్టిందే?" అని తొంగిచూశాడు. "మా మామ చూస్తే ఏడుస్తుండె" అన్నాడు. మనుమరాలి ముక్కుకొన చూసి, "పోనియ్, దీని మొకానికి పెద్ద గొంగడి పెట్టినమన్నట్టు" అని చెట్టు కిందికి చుట్ట కాల్చుకోవడానికి పోయాడు.

డాక్టరమ్మ భోజనానికి పోయింది. నర్సింగమ్మ బావి దగ్గర ఉంది. యాదలక్ష్మి నిద్రపోతున్నది. వెన్న చుట్టిన మోదుగాకు సోమమ్మ ఒళ్లో ఉంది.

తల్లి దగ్గరికి రానివ్వని గొర్రెపిల్ల సోలిపోతుంటే కుర్మోళ్లు చేసే పని ఒకటే. వేలికొనకు వెన్న తీసి అంగిటికి రాస్తారు. పిల్ల చప్పరిస్తే బతికినట్టే. సోమమ్మ చేతిమీద అట్లా ఎన్నో పిల్లలు బతికాయి. పాలు వద్దన్నది డాక్టరమ్మ, నీళ్లు వద్దన్నది, తేనె వద్దన్నది. వెన్న అనే మాట ఆమె నోట రాలేదు. సోమమ్మ ఆ సందు చూసుకుని తనకు తానే సెలవిచ్చుకున్నది. పెట్టె మూత తీసింది. వేలు పెట్టింది.

పిల్ల నాలుక కదిలింది. చప్పరించింది.

సోమమ్మకు కండ్లలో నీళ్లు వచ్చాయి. మూత పెట్టి, ఆకు మడిచి మంచం కింద దాచి, ఏమీ తెలియనట్టు విసనకర్ర అందుకున్నది.

పొద్దు వాలే వేళకు పిల్ల ఆకుపచ్చగా కక్కింది.

డాక్టరమ్మ వచ్చి కడుపుమీద వేలు పెట్టి కొట్టింది. ఈసారి ఆ శబ్దం చెవి వంచి వినాల్సిన పని లేకుండా సోమమ్మకు కూడా వినిపించింది. డప్పు. డాక్టరమ్మ నోట్లోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోది లాగేసింది. సూది వేసింది. చాలాసేపు పెట్టె దగ్గర నిలబడి, చివరికి యాదలక్ష్మి వినకుండా సోమమ్మను, గుర్వయ్యను వరండాలోకి పిలిచింది.

"పొద్దున కొద్దిగ తగ్గిందనుకున్న. ఇప్పుడు ఎక్కువైంది. నా మందు పట్టలేదన్నట్టు. రేపు పొద్దున సమితి జీపు అడిగిన, హైదరాబాద్ తీస్కపోండ్రి."

"తొవ్వల సీసా ఎట్ల?" అన్నాడు గుర్వయ్య.

"తీసెయ్యాలె. పెట్టె గూడ ఉండది."

"మరి పిల్ల?"

"అక్కడిదాక నిలుస్తదని నేను చెప్పలేను బాపూ. ఈడ ఉంచితే అసలే నిలవదని భయం."

ఆ రాత్రి సోమమ్మ వరండాలో పడుకుని బీరప్పతో మాట్లాడింది. ఎప్పుడూ ఆమె అడిగేది, ఆయన వినేవాడు. ఆ రాత్రి మాత్రం ఆయన అడిగినట్టు, ఆమె విన్నట్టు అయింది. చెప్తే ఏమవుతుంది? డాక్టరమ్మ వెళ్లగొడుతుంది. యాదలక్ష్మి ఈ జన్మలో తన మొహం చూడదు. వియ్యపురాలు గుర్వమ్మ ఊరంతా చాటింపు వేస్తుంది, "సొంత అమ్మమ్మే" అని. చెప్పకపోతే? చెప్పకపోతే మందు తప్పని అనుకుని జీపు ఎక్కిస్తారు. ఆ రోడ్డుమీద కోడిగుడ్లే పగలకుండా పోవు.

తెల్లవారింది. జీపు వచ్చి దవాఖాన ముందు ఆగింది. డ్రైవరు ఎల్లేశం దిగి, టైరును ఒక తన్ను తన్ని, "తొందరగ కానియ్యుండ్రి, మళ్ల నేను సమితి ప్రెసిడెంటును తేవాలె" అన్నాడు. డాక్టరమ్మ పిల్ల తలలోని సూది తీయడానికి దూది చేతికి తీసుకున్నది.

"ఆగు బిడ్డా" అన్నది సోమమ్మ.

మంచం కింది నుంచి మోదుగాకు చుట్ట తీసి బల్లమీద పెట్టింది.

"నేను పెట్టిన."

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. ఆకు విప్పి చూసింది. వెన్నమీద వేలి గుర్తు అట్లాగే ఉంది.

"ఎప్పుడు?"

"నిన్న పగటీలి. నువ్వు బువ్వకు పోయినప్పుడు."

"ఎంత?"

సోమమ్మ చూపుడువేలు చాపింది. "గీ కొనంత."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. బీరప్ప తోడు, ఒక్కసారే."

మంచం మీద యాదలక్ష్మి లేచి కూర్చుంది. "అమ్మా!" అన్నది. ఆ ఒక్క మాటలో ఏమేమి ఉన్నాయో సోమమ్మ తల ఎత్తి చూడలేదు. గుర్వయ్య గోడవైపు తిరిగాడు.

డాక్టరమ్మ దూది పక్కన పెట్టింది. వంగి పిల్ల అరికాళ్లు ముట్టుకుంది. బొడ్డు చుట్టూ చూసింది. ఎరుపు నిన్నటికన్న వెనక్కు పోయి ఉంది. కడుపుమీద వేలు పెట్టి కొట్టింది, పక్కకు జరిపి మళ్లీ కొట్టింది. పెదవులు కదిలాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు.

"పగటీలిదాక తగ్గింది. వెన్న పడ్డంక ఉబ్బింది" అన్నది తనలో తాను. "కాళ్లు వెచ్చగున్నయి. అంటే మందు పని చేస్తనే ఉంది."

అప్పుడు తిరిగి సోమమ్మను చూసింది. ఆ తర్వాత పావుగంటసేపు డాక్టరమ్మ మాట్లాడిన మాటల్లో చదువుకున్న మాట ఒక్కటి లేదు. అన్నీ ఆలేరు టేషన్ పక్క వాడలో నేర్చుకున్నవే. "నెత్తిల గుజ్జున్నదా చల్లున్నదా" దగ్గర మొదలై, వరండా దాటి, జీపు దాకా వినిపించాయి. ఎల్లేశం చేతిలోని బీడీ పారేసి సక్కగా నిలబడ్డాడు. తిట్లు తనకు కాదని తెలిసిన తర్వాత, "నేను పోవాల్నా, ఉండాల్నా?" అని అడిగాడు.

"పో! ప్రెసిడెంటును తెచ్చుకో!"

జీపు పోయింది. సోమమ్మ తన మూట సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అన్నది డాక్టరమ్మ.

"ఎల్లగొడ్తవు గద."

"ఎల్లగొడ్తె కావలి ఎవరుంటరు? ఇయ్యాల్టి నుంచి గీ పెట్టెకు నువ్వే కావలి. ఎవ్వలొచ్చినా, ఏం తెచ్చినా, పిల్ల నోటికాడికి రావొద్దు. వచ్చిందా, నిన్ను అడుగుత."

ఇంకెవరైనా అయితే అంత బాగా కాపలా కాయలేకపోయేవాళ్లు. పిల్ల నోట్లో ఏమి పెట్టాలని మనుషుల చేతులు ఎట్లా దురద పెడతాయో సోమమ్మకు లోపలి నుంచి తెలుసు. చూడవచ్చిన మేనత్త కొంగుముడిని చూసి "తేనె ఆడనే ఉంచు" అన్నది. పక్క మంచం ముసలమ్మ ఆముదం గిన్నెను కంటిచూపుతోనే వెనక్కు పంపింది. వియ్యపురాలు గుర్వమ్మ గంపెడు మాటలతో వచ్చి, పెట్టెవైపు ఒక అడుగు వేసి, సోమమ్మ నిలబడిన తీరు చూసి ఆ మాటలన్నీ తిరిగి గంపలోనే తీసుకుపోయింది.

చివరికి గుర్వయ్య బీరప్ప గుడి నుంచి బండారి తెచ్చాడు. దేవుడి పసుపు. చిటికెడు నాలుకమీద వేస్తే చాలన్నాడు.

సోమమ్మ దాన్ని కండ్లకద్దుకున్నది. పెట్టె చెక్కకు బయటివైపు బొట్టులాగా రాసింది.

"చెక్కకా? దేవునికి కోపం రాదా?"

"దేవుడు నోట్లెకెళ్లే రావాల్నా? చెక్కమీదికెళ్లి లోపటికి రాడా?" అన్నది. నిజానికి ఆమె వాదన కోసం అడగలేదు, తనకూ తెలియకే అడిగింది.

యాదలక్ష్మి రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. కానీ జాముజాముకు పాలు పిండి తీయాలని, లేకపోతే ఇంకిపోతాయని డాక్టరమ్మ చెప్పిన పని మాత్రం తల్లి చేతులతోనే చేయించుకునేది. ఆ పాలు పక్క మంచం మీది బక్క కవలలకు పోయేవి. మూడోనాడు పాలు పిండుతుంటే, "జర మెల్లగ, నేనేం గొర్రెనా?" అన్నది యాదలక్ష్మి. అట్లా మాటలు కలిశాయి.

చేతులు ఊరికే ఉండవు కదా. ఒకరోజు సోమమ్మ డాక్టరమ్మను మళ్లీ అడిగింది. ఈసారి అడిగింది, చేయలేదు.

"నోట్లెకెళ్లి వద్దంటివి. నరంలకెళ్లి ఎక్కిచ్చేది లేదంటివి. మరి తోలు మీదికెళ్లి? నెలలు నిండని పిల్లలకు మేము కుసుమ నూనె రాస్తం. తోలు తాగుతదంటరు. పిల్ల తోలు చూడు, చెరువు ఎండినట్టు పగిలింది."

డాక్టరమ్మ వంగి పిల్ల కాళ్లమీది పగుళ్లు చూసింది. "తాగుతదో లేదో నాకు తెలవదవ్వా. నా పుస్తకంల లేదు" అన్నది. ఆ మాటతో ఆమె మీద సోమమ్మకు మిగిలిన సగం నమ్మకం కూడా కుదిరిపోయింది. "నూనె కాచి చల్లార్చాలె. చేతులు మోచేతులదాక సబ్బుతోని కడగాలె. బొడ్డు దిక్కు పోవద్దు. కాళ్లకు, వీపుకు, గంతే."

రోజుకు మూడుసార్లు సోమమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని, అరచెయ్యి తడిసీ తడవనంత నూనెతో ఆ ఉల్లిపొర తోలును నిమిరింది. పగుళ్లు కలిశాయి. డాక్టరమ్మ ప్రతిరోజూ ఏదో కాగితంమీద రాసుకునేది. మందు వల్లనా, నూనె వల్లనా అని సోమమ్మ అడిగితే, "మందు వల్లనే. నూనె సంగతి తేలినంక చెప్త" అనేది.

వెన్న పడ్డ రోజు నుంచి ఐదో రోజు. డాక్టరమ్మ వచ్చి కడుపుమీద వేలు పెట్టింది. కొట్టబోయి ఆగింది.

"నువ్వు కొట్టవ్వా."

సోమమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. గొర్రెకు కొట్టినట్టు కాక, పసుపు బొట్టు పెట్టేంత మెల్లగా కొట్టింది. చెవి వంచింది. వరండాలో నర్సింగమ్మ చీపురు ఆపింది.

"మెత్తగుంది" అన్నది సోమమ్మ. మళ్లీ కొట్టి, "మెత్తగనే ఉంది."

మరగబెట్టిన గాజు గొట్టంతో యాదలక్ష్మి పాలు ఒక్క చుక్క పిల్ల నాలుకమీద వేశారు. అందరూ పిల్లవైపు చూశారు. పిల్ల ఎవరివైపూ చూడకుండా చప్పరించింది. గంటకు ఇంకొక చుక్క. పొద్దుగూకేదాకా సోమమ్మ నాలుగుసార్లు కడుపు కొట్టి చూసింది. నాలుగోసారి పిల్ల విసుగుతో ఏడ్చింది. ఆ ఏడుపు గుర్వయ్యకు చెట్టు కిందికి వినిపించింది. పుట్టిన తర్వాత అంత గట్టిగా ఏడవడం అదే మొదటిసారి.

"అవ్వా, గా మోదుగాకుల మిగిలిన వెన్న ఏమైంది?" అని డాక్టరమ్మ ఉన్నట్టుండి అడిగింది.

సోమమ్మ నర్సింగమ్మను చూసింది. నర్సింగమ్మ పైకప్పు పెంకులు లెక్కపెడుతూ, "మంచి వెన్న. పారెయ్యబుద్ధి గాలె" అన్నది.

నెలన్నర తర్వాత ఇంటికి పోయే రోజు, సోమమ్మ బస్సు మెట్టుమీద ఆగి వెనక్కు తిరిగింది. "గా తెల్లమందు వచ్చిందా బిడ్డా?"

"ఇంక రాలే."

"వస్తే కార్డు రాయి. వెన్న రాకుంట ఎట్ల చిలికిండ్రో నేనొచ్చి చూస్త."

పిల్లకు ఆరో నెల నిండినప్పుడు బువ్వ ముట్టించే ముహూర్తం పెట్టారు. చుట్టాలు వచ్చారు. కొత్త బట్టలు కట్టారు. పాయసం అయింది. పీటమీద పిల్ల కూర్చుని తన బొజ్జను తానే మెచ్చుకుంటున్నది. ముందుగా అమ్మమ్మ వేలితో వెన్న నాకించడం ఆ ఇంటి ఆచారం. సోమమ్మ వెన్నగిన్నె ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"కానియ్యవే, పొద్దు పోతున్నది" అన్నాడు గుర్వయ్య.

"జవాబు రాలె."

"ఏం జవాబు?"

"డాక్టరమ్మకు కార్డు రాపిచ్చిన, పెట్టాల్నా వద్దా అని."

వియ్యపురాలు గుర్వమ్మ బుగ్గలు నొక్కుకుంది. చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాయసం మీద మీగడ కట్టింది. యాదలక్ష్మి మాత్రం తల్లి పక్కకు జరిగి కూర్చుని, "ముహూర్తం యాడికి పోతది, ఉండనియ్యుండ్రి" అన్నది.

మధ్యాహ్నం దాటిన తర్వాత పోస్టుమాస్టరు రామచంద్రం సైకిలు మీద వచ్చాడు. చెమట తుడుచుకుని, కార్డు దూరంగా పట్టుకుని, అందరూ వినేట్టు చదివాడు.

"సోమమ్మవ్వకు నమస్కారం. ముందు చేతులు కడుక్కో. వేలికొనంత పెట్టవచ్చు. రెండుసార్లు పెట్టినా నేను తిట్టను. తెల్లమందు ఇంకా రాలేదు. మంజులత."

సోమమ్మ లేచి చేతులు కడుక్కున్నది, మోచేతుల దాకా, సబ్బుతో. పీట ముందు కూర్చుని పిల్ల బొజ్జమీద వేలితో ఒకసారి కొట్టి విన్నది. తర్వాత వేలికొనకు వెన్న తీసింది.

పిల్ల ఆగలేదు. రెండు చేతులతో ఆ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని, కొత్తగా వచ్చిన ఒకే ఒక పంటితో గట్టిగా కొరికింది.